బకింగ్‌హామ్ కాలువ పాత లాకుల గురించి జాతీయ జలమార్గం 4 అధికారులకు బహిరంగ లేఖ

జాతీయ జలమార్గం 4 పనులు చూస్తున్న అధికారులకు, ఇంజనీర్లకు నమస్కారం.

నేను పెదగంజాం చుట్టుపక్కల ఊళ్ల బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా తీరం వెంట సాగే బకింగ్‌హామ్ కాలువ మీద మా తాత ఉప్పు పడవ నడిపిన సరంగు. జలమార్గం పనుల్లో ఈ కాలువ వంతు ఎప్పుడు వస్తుందో మీకే తెలియాలి గానీ, వచ్చే నాటికి మీ చేతిలో ఉండవలసిన ఒక విన్నపాన్ని ఇప్పుడే రాసి పెడుతున్నాను. పాత లాకుల్లో, అంటే నీటిని ఆపి వదులుతూ పడవలను దాటించే తలుపుల కట్టడాల్లో, ఏ ఒక్కదాన్నైనా పగలగొట్టే ముందు, దాన్ని కొలిచి, పటం గీసి, అది ఆ చోటనే ఎందుకు కట్టారో విచారించి రాసి పెట్టించండి. కొత్త లాకు అవసరమైతే వీలైనంత వరకు పాతదాని పక్కన కట్టించండి, పాతదాన్ని తీసేసి ఆ చోట కాదు.

పాత కట్టడాల మీద మమకారంతో అడుగుతున్నానని మీరు అనుకోవచ్చు. మమకారం లేదని అనను. అయితే ఈ కాలువ చరిత్రను నేను చదివినంతలో, తాత నోట విన్నంతలో, గట్టు వెంట నడిచి చూసినంతలో నాకు తేలిన సంగతి వేరు. ఇది మామూలు కాలువ కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల కాలువలకు తలదగ్గర ఆనకట్ట ఉంది, ఆనకట్ట వెనుక నది ఉంది, తలుపులెత్తితే నీళ్లు వస్తాయి. బకింగ్‌హామ్ కాలువకు తల లేదు. సముద్రపు పోటులో నదుల మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) గుండా, ఉప్పుటేళ్ల గుండా లోపలికి వచ్చే నీరే దీనికి నీరు. ఏదైనా ఒక మొగ ఇసుక మేటతో పూడిందంటే ఆ మేరకు కాలువ నీటి గుంటల వరుసగా మిగులుతుంది. ఇలాంటి కాలువలో పడవ నడవడానికి తగిన లోతు నిలబెట్టడం తవ్వకంతో అయ్యే పని కాదు. ఏ చోట నీటిని ఆపాలి, ఏ చోట వదలాలి, వరదతో వచ్చే ఇసుకను ఏ చోట అడ్డుకోవాలి అన్న లెక్కతోనే అది అవుతుంది. ఆ లెక్కను రాతిలో కట్టి పెట్టినవే లాకులు. అందుకే వాటిని పడగొట్టే ముందు చదవమంటున్నాను.

ఈ కాలువ అసలు ఎందుకు పుట్టిందో ఒకసారి చూడండి. కృష్ణా మొగ నుంచి మద్రాసు దాకా మన తీరమంతా ఇసుక తీరం. ఓడ నిలవడానికి చాటు తక్కువ, ఒడ్డున విరిగే అలలు ఎక్కువ. మద్రాసంతటి రేవులోనే ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే, సరుకునూ మనుషులనూ మసులా పడవల్లో అలల మీదుగా ఒడ్డుకు తెచ్చేవారు. తడిసిన బియ్యం బస్తాకు, మునిగిన పడవకు లెక్క ఉండేది కాదు. అయితే అదే తీరానికి ఇసుక దిబ్బల వెనుక, ఒడ్డుకు సమాంతరంగా, ఉప్పుటేళ్లూ బురద మడుగులూ వరుసగా పరుచుకుని ఉన్నాయి. పులికాట్ సరస్సు వాటిలో పెద్దది. ఈ మడుగుల నడుమ అడ్డుగా ఉన్న ఇసుక నేలను తవ్వి ఒకదానితో ఒకటి కలిపితే, సముద్రం పక్కనే సముద్రపు భయం లేని నీటి దారి ఒకటి దొరుకుతుంది. కాలువ వెనుక ఉన్న ఆలోచన అంతే.

పని మద్రాసులో మొదలైంది. మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్విన మొదటి భాగం 1806 నాటికి పూర్తయింది. దానికి పెట్టుబడి పెట్టినవాడు బాసిల్ కాక్రేన్ అనే వ్యాపారి కాబట్టి దాన్ని కాక్రేన్ కాలువ అన్నారు. తరువాత పులికాట్ సరస్సు దాకా పొడిగించారు. 1837లో ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. అప్పటిదాకా అది పట్నానికి కట్టెలూ ఉప్పూ చేర్చే ఒక సుంకం కాలువ మాత్రమే.

దాన్ని మన డెల్టాలతో ముడిపెట్టినది ఆనకట్టల కాలం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక, కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ సాగునీటితో పాటు పడవలనూ మోసేలా కట్టారు. కాటన్ దొర తన జీవితమంతా ఇండియాకు రైలు కంటే నీటి దారే చవక అని వాదించిన మనిషి. ఆయన ఆలోచనకు తగ్గట్టే, కాకినాడలో ఎక్కించిన సరుకు గోదావరి దాటి, ఏలూరు మీదుగా విజయవాడ చేరి, కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువలో దుగ్గిరాల మీదుగా దక్షిణానికి వచ్చి, పెదగంజాం దగ్గర ఉప్పునీటిలోకి దిగి, మద్రాసు దాకా ఒకే నీటి దారిన పోగలిగేది. మీ లెక్కల్లోనే చూడండి: కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు, ఏలూరు కాలువ 139, కొమ్మమూరు కాలువ 113, ఉత్తర బకింగ్‌హామ్ 316, దక్షిణ బకింగ్‌హామ్ 110. మరక్కాణం దగ్గర కాలువ ముగిశాక పుదుచ్చేరి దాకా కలువేలి చెరువు మీదుగా మరో 22. ఇందులో సగానికి పైగా మా ఉప్పునీటి కాలువే. అయినా జలమార్గం గురించి మాట్లాడే సభల్లో నదుల మాటే ఎక్కువగా వినబడుతుంది.

పెదగంజాం ఈ దారిలో ఒక విచిత్రమైన చోటు. ఉత్తరం నుంచి వచ్చే డెల్టా నీరు తీపి నీరు, దక్షిణాన ఉన్నది ఉప్పు నీరు. రెంటికీ నడుమ లాకు. ఆ లాకు తలుపు కాస్త వదులైనా ఉప్పు ఎగువకు ఎక్కి పొలాలు చౌడుబారుతాయి. మా తాత దాన్ని తీపికీ ఉప్పుకీ నడుమ గడప అనేవారు. లాకు అంటే పడవను ఎక్కించి దించే మెట్టు అనుకునే పిల్లలకు, మా ఊళ్లో లాకు చేసే పని అది ఒక్కటే కాదని నేను ఏటా చెప్పుకునేవాణ్ణి.

నదులు అడ్డువచ్చిన చోట్ల లాకుల పని మరొకటి. గుండ్లకమ్మ, మూసి (హైదరాబాద్ మూసీ కాదు, ప్రకాశం జిల్లా ఏరు), పాలేరు, మన్నేరు, పెన్న, స్వర్ణముఖి: సముద్రంలో కలవబోయే ముందు వీటన్నింటినీ కాలువ అడ్డంగా దాటాలి. ఏరు పొంగినప్పుడు ఆ బురదా ఇసుకా కాలువలోకి చొరబడితే ఒక్క వరదతో కాలువ మూసుకుపోతుంది. అందుకని దాటే చోట్ల గట్టుకు లాకులు కట్టి, వరద వేళ తలుపులు వేసి, వరద తగ్గాక తీసేవారు. ఏ నదికి ఎంత దూరంలో లాకు పెట్టారు, దాని గడపను (తలుపుల కింద పరిచిన అడుగు రాళ్లను) ఏ మట్టాన వేశారు, తలుపులు ఏ దిక్కుకు ఒరిగేలా అమర్చారు అన్నవి చూస్తే, ఆ నది వరద స్వభావాన్ని ఆనాటి వాళ్లు ఎలా అంచనా వేశారో తెలుస్తుంది. ఆ అంచనా ఇవాళ తప్పైపోయి ఉండవచ్చు. ఏటి మొగలు జరిగాయి, ఎగువన ఆనకట్టలు వచ్చాయి, వరదలు మారాయి. తప్పైనా సరే, ఎక్కడ తప్పిందో తెలియాలంటే ముందు ఆ అంచనా మన ముందు ఉండాలి గదా.

ఒక లాకు ఎలా పనిచేసేదో తాత చెప్పినట్టే చెబుతాను, ఎందుకంటే ఈ వివరాలు పటాల్లో ఉండవు. పడవ లాకు ముందు చేరగానే సరంగు కేక వేసేవాడు. లస్కరు (లాకు చూసుకునే పనివాడు) వచ్చి నీటి మట్టం చూసేవాడు. లాకు గదిలో నీరు బయటి నీటితో సమానమయ్యేదాకా తలుపు అడుగున ఉన్న తూమును తెరిచి ఉంచేవారు. మట్టాలు కుదిరాయా లేదా అన్నది తలుపు మీద చెయ్యి వేస్తేనే తెలిసేదట: నీటి బరువు ఒకవైపే ఉన్నంతసేపూ తలుపు సన్నగా వణుకుతుంది, సమానం కాగానే వణుకు ఆగిపోతుంది. అప్పుడు ఇద్దరు మనుషులు దూలానికి వీపు ఆనించి తోస్తే అంత బరువైన తలుపూ తేలిగ్గా తెరుచుకునేది. పడవ లోపలికి వచ్చాక వెనుక తలుపు వేసి, ముందరి తూము తెరిచేవారు. గాలి కలిసొస్తే తెరచాప, లేకుంటే గెడ, అదీ సాగకపోతే గట్టు మీద నడుస్తూ భుజానికి తాడు వేసుకుని లాగడం. లాకు దాటేటప్పుడు మాత్రం ఎప్పుడూ తాడే. ఇవాళ్టికీ మా వైపు ఒక లాకు గోడ అంచు రాయి మీద ఆ తాళ్లు కోసిన గాడులు ఉన్నాయి. ఒక గాడిలో నా చూపుడు వేలు మొదటి కణుపు దాకా దిగుతుంది. కొబ్బరి పీచు తాడు నల్లరాతిని అంత లోతుగా కోయాలంటే ఎన్ని పడవలు, ఎన్నేళ్లు పోయి ఉండాలో లెక్క కట్టమని తొమ్మిదో తరగతి పిల్లలకు నేను ఇచ్చిన ప్రశ్నకు ఇప్పటికీ ఎవరూ జవాబు తేలేదు.

ఆ పడవల్లో ఏమి పోయేది? మా వైపు నుంచి ప్రధానంగా ఉప్పు. చినగంజాం, కనపర్తి ఉప్పు కొటార్ల నుంచి నేరుగా కాలువ రేవుకు చేర్చేవారు. నెల్లూరు తీరం వైపు కొందరు దీన్ని ఇవాళ్టికీ ఉప్పుకాలువ అనే అంటారు. డెల్టా నుంచి బియ్యం, ధాన్యం. శ్రీహరికోట అడవుల నుంచీ సరుగుడు తోటల నుంచీ మద్రాసు పొయ్యిలకు కట్టెలు. ఇవాళ రాకెట్లు ఎగిరే దీవి ఒకప్పుడు పట్నపు వంటచెరకు దీవి అంటే నమ్మబుద్ధి కాదు. పులికాట్ సరస్సు నుంచి సున్నానికి గుల్ల. తిరుగు పడవలో పట్నం సరుకులు. పోనూ రానూ, గాలిని బట్టీ పోటును బట్టీ, ఒక్కోసారి నెల దాటేదట. పడవ వెనుక భాగాన ఇసుక పోసి, దాని మీద మూడురాళ్ల పొయ్యి పెట్టుకుని వండుకునేవారు. ఉప్పు మోసే పడవలో వంటకు ఉప్పు అడుక్కోవలసి వచ్చేదని తాత నవ్వుతూ చెప్పేవారు, సరుకు మూటకు సీలు ఉండేది కాబట్టి.

కాలువ పేరు గురించీ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది కరువుకు గుర్తు. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో, వానలు తప్పి మొదలైన కరువు 1878 దాకా దక్షిణాదిని పట్టి పీడించింది. లక్షల ప్రాణాలు పోయాయి. మన వైపు ముసలివాళ్లు ధాత కరువు అనే మాటను నా చిన్నతనంలో కూడా వాడేవారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు. ఆయన హయాంలో, కరువు పనుల కింద, మద్రాసులో కూవం నదికీ అడయారు నదికీ నడుమ ఉన్న సుమారు 8 కిలోమీటర్ల తెగిన భాగాన్ని 1877–78లో తవ్వించి, ఉత్తర దక్షిణ కాలువలను కలిపారు. ఆ తరువాతనే మొత్తం కాలువకు ఆయన పేరు పెట్టారు. అదే కరువులో, కలకత్తాలో ఉన్న అప్పటి ఇండియా ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి పొదుపు పేరుతో, కరువు పనిలో చేరిన మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని కూలి తగ్గించాడు. పౌను అంటే మన అరకిలో కూడా కాదు. మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ ఇది మనిషిని బతికించే తిండి కాదని గట్టిగా వాదించాడు. కాలువకు డ్యూకు పేరు మిగిలింది. మట్టి తట్టలు మోసినవాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు. కరువు కూలీలు తవ్విన ఆ భాగంలోనే ఇవాళ మద్రాసు నగరపు ఎత్తు రైలుమార్గం స్తంభాలు దిగబడి ఉన్నాయి.

కాలువ ఎందుకు చచ్చిపోయిందన్న ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు రైలు. 1899లో విజయవాడ–మద్రాసు రైలుమార్గం కలిసింది. కాటన్ దొర కన్నుమూసినదీ అదే ఏడు. రైలు రావడంతో తొందరగా చేరవలసిన సరుకూ మనుషులూ కాలువను వదిలిన మాట నిజమే. కానీ రైలు వచ్చిన తరువాత కూడా అరవై ఏళ్లకు పైగా పడవలు నడిచాయి. ఉప్పుకూ కట్టెలకూ గుల్లకూ తొందర లేదు, వాటికి కావలసింది చవక. కాబట్టి రైలు కాలువను బక్కచిక్కించింది గానీ చంపలేదని నా అభిప్రాయం. ఆ తరువాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, బకింగ్‌హామ్ కాలువలో 257 కిలోమీటర్లు ఒక రాష్ట్రానికి, 163 కిలోమీటర్లు మరో రాష్ట్రానికి పోయాయి. రాష్ట్రం రావడం మనకు కావలసిందే. ఆ సంగతి వేరు. అయితే ఒకే నీటి మట్టం మీద బతికే కాలువకు ఇద్దరు యజమానులు అయ్యారు. దక్షిణాన పూడిక తీయకపోతే ఉత్తరాన పడవ ఎక్కించి లాభం లేదు. ఉత్తరాన లాకు చెడితే దక్షిణాన తవ్వినదంతా వృథా. ఆపైన 1965, 1966 తుపానులు గట్లను తెంచి, లాకులను దెబ్బతీసి, ఇసుకతో నింపాయి. అంతకు ముందు కూడా తుపానులు వచ్చాయి, కాలువ దెబ్బతింది. అప్పుడు బాగు చేశారు. ఈసారి సరిగ్గా బాగు చేయలేదు, అంతే తేడా. తాత చివరి పడవను కాలువలోనే వదిలేశారు. దాని దూలం ఒకటి మా ఇంటి పశువుల పాకకు ఆసరాగా చాలా కాలం ఉండింది.

అయినా కాలువ తన పని పూర్తిగా మానలేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పెదగంజాం నుంచి చెన్నై దాకా ఈ కాలువ, ఇసుక దిబ్బలను దాటి వచ్చిన నీటిని తనలోకి తీసుకుని మళ్లీ సముద్రంలోకి వదిలిందని, దానివల్ల కాలువకు పడమటి వైపున్న ఊళ్లలో ఎందరో బతికారని తరువాత శాస్త్రవేత్తలు రాశారు. సరుకు రవాణా కోసం తవ్విన కాలువ అడ్డుకట్టలా నిలబడింది. కాలువ వెడల్పును రొయ్యల చెరువులూ కట్టడాలూ కొంత కొంత మింగుతున్న చోట ఆ గుణం కూడా తగ్గిపోతుందని మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఇప్పటి సంగతి. 2008లో ఈ దారిని జాతీయ జలమార్గం 4గా ప్రకటించారు. అప్పుడు దాని పొడవు 1,078 కిలోమీటర్లు. 2016 చట్టంతో అది 2,890 కిలోమీటర్లకు పెరిగింది. మొదటి దశలో కృష్ణానదిలో ముక్త్యాల నుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్లు తీసుకున్నారు. కాలువలు తరువాతి దశలకు మిగిలాయి. ఆ ఆలస్యం గురించి నేను ఫిర్యాదు చేయడం లేదు. పైగా ఆలస్యంలో ఒక మేలుందని అనుకుంటున్నాను: కొలవడానికీ రాయడానికీ ఇంకా సమయం ఉంది.

ఆ సమయం ఎంతో లేదని నాకు తెలియజేసిన సంఘటన ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట కాలువ వెంట ఒక ఊళ్లో (ఊరి పేరు, పని చేయించినవాళ్ల పేరు చెప్పి ఎవరినీ నొప్పించను) పాత లాకు రాళ్లను పెకలించి పక్కనే ఏదో చిన్న గోడకు పునాదిగా వేశారు. నేను వెళ్లేసరికి తూర్పు గోడ సగం లేదు. రాళ్ల మీద వరుస సంఖ్యలు చెక్కి ఉన్నాయి, ఏ రాయి తరువాత ఏ రాయి పేర్చాలో ఆనాటి మేస్త్రీలు పెట్టుకున్న గుర్తులు అవి. అడిగితే ఆ పనివాడు అమాయకంగా, దీనికి వారసులెవరూ లేరు గదా మాస్టారూ అన్నాడు. అతని తప్పేమీ లేదు. కాలువ భూమికి హద్దు రాళ్లు కనబడవు, లాకు ఎవరిదో చెప్పే బోర్డు లేదు, పడవ పోయి యాభై ఏళ్లు దాటింది.

కాబట్టి నా విన్నపం మరికాస్త వివరంగా. పెదగంజాం నుంచి పులికాట్ దాకా మిగిలి ఉన్న ప్రతి లాకునూ, దాని గడప మట్టంతో సహా, ఇవాళ్టి సముద్ర మట్టంతో పోల్చి కొలిపించండి. ఆ కొలతలు మీ కార్యాలయంలోనే కాక, ఆయా పంచాయతీల్లోనూ ఉంచండి. కాలువ హద్దులను గ్రామ పటాలతో సరిచూసి, రాళ్లు పాతించండి. ఆ పని ముందే చేస్తే రొయ్యల చెరువుల రైతులతో రేపు రాబోయే వివాదాలు కూడా తగ్గుతాయి, వాళ్లలో చాలామంది హద్దు తెలియకనే కాలువలోకి జరిగారు. పాత లాకు గదులు ఇవాళ్టి పడవలకు ఇరుకని నాకు తెలుసు, తక్కువ ఎత్తు వంతెనలను లేపాలనీ తెలుసు. కొత్తవి కట్టవద్దని నేను అనడం లేదు. కొత్త లాకు పాతదాని పక్కన వస్తే, పాతది వరద నీటిని పంపే తూముగానో, చేపల పడవల దారిగానో ఇంకా కొన్ని పదుల ఏళ్లు పనికొస్తుంది. పడవలు నడిపినవాళ్లలో బతికి ఉన్నవారు ఇప్పుడు ఎనభై దాటినవారే, వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మొగలు ఎప్పుడు ఏ వైపు జరిగేవో, ఏ నెలలో ఏ గాలికి ఎక్కడ ఇసుక మేట వేసేదో వాళ్లకు కంఠతా వచ్చు. మీ సర్వేవాళ్లు వచ్చినప్పుడు వాళ్ల దగ్గర ఒక గంట కూర్చోమని చెప్పండి. కావాలంటే ఆ ఇళ్లకు నేను తోడు వస్తాను.

లాకు చూడడానికి మీరే వచ్చేటట్లయితే పోటు వేళ రాకండి, గడప రాళ్లు నీళ్లలో మునిగి ఏమీ కనబడవు. పాటు (నీరు వెనక్కి తీసే వేళ) ముగియబోయేటప్పుడు రండి. అమావాస్య, పున్నములకు ముందూ వెనుకా నీరు బాగా తీస్తుంది కాబట్టి ఆ రోజులైతే మరీ మంచిది. బురదలో దిగాలి, చెప్పులు గట్టు మీద వదలాలి.

ఇట్లు,
కాలువ గట్టు ఊరి విశ్రాంత ఉపాధ్యాయుడు